నీళ్ళ కింద దారి

శనివారం పొద్దున్నే త్రాపానీ నుంచి బయల్దేరాం,
నలుగురికి సరిపడే కారులో ఐదుగురం.
నా ఒళ్ళో పులుపూ తీపీ కలిసిన వంకాయ కూర గిన్నె,
కాళ్ళ దగ్గర మామగారి బూట్ల సంచి.
దీవిలో రాత్రి ఉండనివ్వరని
ఉప్పు మళ్ళ పక్కన ఒక గది తీసుకున్నాం.
కిటికీలోంచి రెక్క విరిగిన గాలిమర,
పిలవని పెళ్ళికొచ్చిన చుట్టంలా
ఎటు చూడాలో తెలియక నిలబడి ఉంది.

ఆదివారం పడవ.
పది నిమిషాల ప్రయాణానికి
రోసాల్బా గంట సేపు ముఖం ముడుచుకుంది.
తానో మాత్రం అంచు మీదికి వంగి
"లోతెంత? లోతెంత?" అని ఒకటే గోల.
పడవవాడు గడకర్ర నిలువునా దించి చూపించాడు:
నా నడుం దాకా కూడా లేదు సముద్రం.

మోత్సియా.
రెండు వేల నాలుగువందల ఏళ్ళ కింద కూల్చేసిన పట్నం.
ఇప్పుడు ద్రాక్షతోట, తేనెటీగలు, మోకాలెత్తు గోడలు.
సారో ప్రతి గోడ దగ్గరా ఆగి
"ఇది వంటిల్లయి ఉంటుంది" అన్నాడు.
అతని లెక్కన ఆ పట్నం వాళ్ళు
వండుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

ఉత్తరపు గట్టున, చిన్న చిన్న కుండలు దొరికిన చోటు.
ఒక్కో దాంట్లో ఒక్కో పసిబిడ్డ బూడిద, అంది గైడు.
దేవుడికి ఇచ్చేశారని కొందరంటారు,
పుట్టీ పుట్టగానే పోయినవాళ్ళని ఇంకొందరు.
ఇంకా తేలలేదు, అంది,
గొడుగు ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటూ.
నేను తేల్చేసుకున్నాను.
రెండోదే.
రోసాల్బాకీ తానోకీ మధ్య ఆరేళ్ళ ఎడం ఎందుకని
మా ఇంట్లో ఎవరూ అడగరు.
కుండ మూతి కొలుస్తున్నట్టు
నా అరచెయ్యి దానంతటదే గుండ్రంగా ముడుచుకుంది.
మామగారు చూశారు. ఏమీ అనలేదు.
జేబులోంచి ఒక బాదం పలుకు తీసి
ఆ గుండ్రంలో పెట్టారు.

తర్వాత ఆయన మమ్మల్ని వదిలేసి
ద్వారం దాటి నీళ్ళ దాకా నడిచారు.
"ఇక్కణ్ణుంచే" అన్నారు.
నీళ్ళ కింద రాళ్ళు పరిచిన బాట, ఎదురు గట్టు దాకా.
పన్నెండేళ్ళప్పుడు దాని మీదే
ద్రాక్షబుట్టల బండి తోలారట, ఇరుసు దాకా సముద్రంలో.
ముందు కంచరగాడిద, పేరు బరోనెస్సా.
"దానికి కళ్ళక్కర్లేదు. గిట్టలకి తెలుసు."
ఒకసారి వెనక బండి బురదలోకి ఒరిగిపోయి
అలల నిండా ద్రాక్షలు తేలాయట,
మర్నాటి దాకా చేపలు తూలుతూ ఈదాయట.
నమ్మకపోతే ఆయన మళ్ళీ మొదట్నుంచి చెబుతారు.

దిగరాదు అని బోర్డు ఉంది.
ఆయన ప్యాంటు మడుచుకున్నారు.
"నాన్నా" అన్నాడు సారో, రెండోసారి కాస్త గట్టిగా.
అప్పటికే చీలమండ లోతులో ఉన్నారాయన,
కరెంటు పోయిన రాత్రి
సొంతింట్లో అగ్గిపెట్టె తడుముకునే మనిషిలా
ఒక్కో పాదం పెట్టి, ఆగి, పెట్టి.
పది అడుగులు. ఇరవై.
ఇరవై మూడో అడుగుకి రాయి లేదు.
నాచు, జారుడు, కింద ఏమీ లేకపోవడం.
"బరోనెస్సా!" అని పిలిచారు,
నవ్వులాటకే అనుకుంటాను.

పొద్దుట్నుంచీ మాతో పలకని రోసాల్బా
ఫోను నా సంచిలో పడేసింది.
చెప్పులు విడిచి, ఎవర్నీ అడక్కుండా,
తాత కన్నా నాలుగడుగులు అవతలికి వెళ్ళి
కాలి బొటనవేలితో వెతికింది.
"ఎడమకి, తాతా. ఇక్కడుంది."

కాపలా మనిషి ఈల వేశాడు.
వాళ్ళిద్దరూ తొందరేం పడలేదు.

తిరుగు దారిలో మామగారి పిక్కల మీద
ఉప్పు ఎండి తెల్ల మేజోళ్ళలా ఉంది.
"గాడిద ఏమైంది?" అన్నాడు తానో.
ఆయన నిద్రపోతున్నారు, లేదా నటిస్తున్నారు.
"ముసలిదైంది" అంది రోసాల్బా,
అంతా తనకి తెలిసినట్టు.

కూర గిన్నె ఖాళీ.
బాదం పలుకు ఇంకా నా గుప్పిట్లోనే ఉంది, చెమటకి మెత్తబడి.