నలభై ఆరు రూపాయల తేడా

రాత్రి పదకొండైంది. సైదాబాద్‌ల కరెంటు పోయొచ్చింది.
ల్యాప్‌టాప్‌ల లెక్కల సాఫ్ట్‌వేరు
ఎర్ర అక్షరాలల్ల ఒక్కటే మాట పట్టుకున్నది:
తేడా, నలభై ఆరు రూపాయలు.

కింది పోర్షన్ల ఉజ్వల, బీకాం రెండో ఏడు,
పోయిన ఆదివారం ఎక్కిచ్చిచ్చింది దీన్ని.
"బ్యాంకు స్టేట్‌మెంటు ఇందుల పడేయ్ అంకుల్,
అదే కూడుకుంటది" అన్నది.
పడేసిన.
పడ్డదో లేదో అని ఇంకోసారి పడేసిన.
గంతే. జులై పింఛను రెండుసార్లొచ్చింది,
పాలాయన రెండుసార్లు పాలు పోసిండు.
ఒక్కొక్కటి ఏరి తీసేసరికి కండ్లు గుంజినయ్.

తర్వాత తారీఖుల పంచాది.
జులై మూడున గంజిల కొన్న బియ్యం
మార్చి ఏడుకు పోయి కూసున్నయ్.
మొన్న ఆగస్టు పన్నెండున అనసూయ కండ్ల డాక్టరు ఫీజు
డిసెంబరు ఎనిమిదికి ఉరికింది.
అంటే దీని లెక్కల ఆమెకింక మసకనే.
పొద్దుగాల నా అంగీ మీది చాయ్ మరక
వాకిట్లకెళ్ళే చూసి తిట్టిందని దీనికేమెరుక?

ఈ ఖాతా పైసలు ఆ ఖాతాలేస్తే
ఒకదిక్కు ఖర్చు, ఒకదిక్కు రాబడి అని రాసుకున్నది.
కుడిజేబుది ఎడమజేబుల పెట్టుకుంటే
సంపాదించిండంటరా ఎవరన్న?
అదీ సక్కజేసిన.

ఇన్ని చేసినా నలభై ఆరు.

కింద ఒక బటనున్నది, 'సర్దుబాటు' అని.
ఒక్క ఒత్తు ఒత్తితే తేడా మాయమైతదట.
వేలు దానిదాక పోయి ఆగింది.

ఇరవై తొమ్మిదేండ్లు దిల్‌సుఖ్‌నగర్ డిపోల
ఆఖరి ట్రిప్పు దిగి, తోలుసంచి బోర్లిచ్చి,
చిల్లర కుప్పలు పేర్చి కూడితే
జాలి వెనకకెళ్ళి మొహియుద్దీన్ సాబ్
"చార్ రూపాయ్ కమ్ హై మియా" అనెటోడు.
నా జేబులకెళ్ళి తీసి కట్టేది.
గదీ సర్దుబాటే, కానీ ఇంట్ల ఒక పూట కూర తగ్గేది.
ఎక్కువొచ్చిన రాత్రి మాత్రం సాబ్ నవ్వెటోడు కాదు.
"తక్కువొస్తే నీ తప్పు.
ఎక్కువొస్తే ఎవని పైసలో సోంచాయించు."

అద్దాలు తుడుసుకొని మల్ల చూసిన.
తక్కువ కాదు. ఎక్కువ!
నేను రాసుకున్నదానికన్నా బ్యాంకుల నలభై ఆరు ఎక్కువున్నయ్.

కిందికి జరుపుకుంట పోయిన.
పోయిన బేస్తారం, సింగరేణి కాలనీ మూల మీద,
జమ్నీబాయి దగ్గర అర్ధకిలో చిక్కుడుకాయ, పుదీనా కట్ట.
వాన పడుతుండె. ఫోన్ల చక్రం తిరిగి తిరిగి ఆగింది.
"పడ్డయా?" అన్న.
కవరు నెత్తి మీద కప్పుకుంట "పడ్డయ్ తియ్" అన్నది,
డబ్బా మోగకముందే.
నేను ఇంటికొచ్చి ఖర్చు రాసుకున్న.
పైసలు మాత్రం ఆమె దాక పోలే,
సప్పుడు లేకుండ నా ఖాతాలకే మర్రినయ్.
చిక్కుడుకాయ తినేసినం.

బస్సుల చిల్లర లేకుంటే
టికెట్ వెనక రాసిచ్చేది: పదకొండు, ఇరవై మూడు.
దిగేటప్పుడు మరిసిపోయినోళ్ళు ఎందరో.
మరువనోళ్ళు ఫుట్‌బోర్డు మీద నిలబడి
టికెట్ తిప్పి చూపిచ్చెటోళ్ళు.
ఈ సాఫ్ట్‌వేరుకు వెనకదిక్కు లేదు.

పాలప్యాకెట్ బిల్లు చింపి
46, జమ్నీబాయి అని రాసి అంగీ జేబుల పెట్టుకున్న.
ఆమె మల్ల బేస్తారం దాక రాదు.
అప్పటిదాక ఎర్రగనే ఉండనీ.