పద్దు పుస్తకంలో కుక్కలు

బొగ్గు కంపెనీ పారేసిన పద్దు పుస్తకం అది.
టన్నులు రాయాల్సిన గళ్లలో
వెర్లిన్ మామయ్య కుక్కల్ని రాసేవాడు:
తల్లి, తండ్రి, పుట్టిన నెల,
తొలిసారి చెట్టు కింద మొరిగిన రోజు.

కర్ అంటే పట్నంలో తిట్టు.
మా లోయలో ఆ మాటకి తొమ్మిది తరాలున్నాయి.
కొండ దాటి వచ్చిన మొదటివాళ్లు
తాము నడిచి, కుక్కపిల్లల్ని గంపలో మోసుకొచ్చారట.
"వాళ్లకి తెలుసు," అనేవాడు పొగాకు ఉమ్మి,
"ఇంట్లో పిల్లాడు ఆకలికి ఏడుస్తుంటే
పాడే కుక్క కాదు, పట్టే కుక్క కావాలి."

హౌండ్ జాడ పొడుగునా గొంతెత్తుకుంటూ పోతుంది.
మాది నోరు కట్టుకుని పరుగెడుతుంది.
ఉడుత ఎక్కిన మాను దొరికాకే
ముందుకాళ్లు బెరడుకి ఆనించి
గొడ్డలి దెబ్బల్లా మొరుగుతుంది:
ఒకటి. ఒకటి. ఒకటి.
పొగమంచులో ఆ చప్పుడు విని
రెండు గట్ల ఇవతల నుంచే
అది హికరీయో బీచ్ చెట్టో చెప్పేసేవాడు మామయ్య.
సగం సార్లు తప్పేది.

యుద్ధం అయ్యాక లోయ సగం డెట్రాయిట్‌కి పోయింది.
కార్ల ఫ్యాక్టరీలోకి కుక్కని రానివ్వరు కదా.
తాళం వేసిన ఇళ్ల మెట్ల మీద
అవి కొన్నాళ్లు కాపలా కూర్చున్నాయి.
తర్వాత అవీ లేవు.
మామయ్య ఉండిపోయాడు.
ఊపిరితిత్తుల నిండా బొగ్గు పెట్టుకుని ఎక్కడికి పోతాడు?
చారల కేట్‌ని తాడుతో పట్టుకుని
రెండు కౌంటీలు నడిచాడు,
సార్జెంట్ అనే ముసలి మగకుక్క ఇంకా బతికే ఉందని విని.

పుస్తకంలో కొన్ని పేర్ల మీద అడ్డగీత ఉంటుంది.
అడ్డగీత అంటే గోనెసంచి, వాగు.
నేనెప్పుడూ అడగలేదు.
ఆ వాగు నీళ్లే తాగి పెరిగాను.

వరదొచ్చిన ఏడు టిల్డా గొలుసు తెంచుకుంది.
మూడు రాత్రుల తర్వాత వచ్చింది,
ఒళ్లంతా బురద, సిగ్గన్నది లేకుండా
మొండితోక ఊపుకుంటూ.
తొమ్మిది వారాలకి అయిదు పిల్లలు.
ఒకదానికి కుడి ముందుకాలు తెలుపు,
మేజోడు తొడిగినట్టు.
మా రక్తంలో తెల్లకాలు లేదు.
గని క్యాంపు చెత్తకుప్ప దగ్గర
తెల్లకాళ్ల కుక్కొకటి తిరగడం నేను చూశాను.
మామయ్యా చూశాడు.

ఆ కాలిని బొటనవేలితో చాలాసేపు రుద్దాడు,
బురదేమో, వదుల్తుందేమో అన్నట్టు.
నేను గోనెసంచి వేలాడే మేకు వైపు చూశాను.
అతను పెన్సిల్ తడి చేసి నా చేతికిచ్చాడు.
"కళ్లు ఆనడం లేదే. నువ్వు రాయి."
పొద్దున్నే సూదిలో దారం ఎక్కించిన మనిషి!

తండ్రి గడి దగ్గర
పదమూడేళ్ల నా చెయ్యి ఆగింది.
ఇంటి బైబిల్ వెనక పేజీలో
నా పేరు పక్కనా అలాంటి గడే ఉంది, ఖాళీగా.
దానికెవరూ పెన్సిల్ ఇవ్వలేదు.
'డ్యూక్, సార్జెంట్ కొడుకు' అని రాశాను,
మామయ్య అక్షరంలా కాస్త వాల్చి.

ఇప్పుడు టెనెస్సీ నుంచి ట్రక్కులేసుకుని వస్తారు.
ఓరెన్ ఫ్యూగేట్ అనే ఆయన
ఆ పేజీకి ఫోటో తీసుకుని
"కల్తీ లేని రక్తం, అమ్మా" అన్నాడు.
ఇంకాస్త కాఫీ పోశాను.

ఈ పొద్దున గట్టు మీద,
ఆకు రాలిన హికరీ కింద
టిల్డా మునిమనవరాలు మొరుగుతోంది.
తెల్లకాలు బెరడు మీద.
ఒకటి. ఒకటి. ఒకటి.
తుపాకీ ఇంట్లోనే మర్చిపోయాను.
చెట్టు చూపించిన కుక్క దగ్గరికి
వెళ్లకుండా ఉండకూడదన్నది మామయ్య లెక్క.
"వస్తున్నానే, వస్తున్నా" అంటూ
మోకాళ్లు పట్టుకుని ఎక్కుతున్నాను.