ఆకుపచ్చ చుక్క

మ్యాపు మీద మా మైదానం
ఎక్స్‌రేల ముసలోని ఛాతీలెక్క ఉంది.
కావేరప్ప సారు ఎర్రపెన్నుతోటి ఒక్కో పక్కటెముకా చూపించిండు:
ఇక్కడ నీళ్లు నిలుస్తున్నయ్, ఇక్కడ ఇసుక చచ్చిపోయింది,
పదకొండో గుంత కాడ చెట్లు ఎండనంత తాగేస్తున్నయ్.
"నలభై ఏండ్లల్ల దీన్ని ఎవరూ విప్పి చూడలేదా?"
విప్పనీకి బట్టలా సారూ, అందామనుకున్న.
అనలే. నెల జీతం మనిషిని.

మృగశిర లోపల మట్టిపని తేలాలె.
జేసీబీ ముందుగాల రెండో గుంత మీదికెక్కింది.
దినాం పొద్దున ఐదింటికి
నాలుగు మిల్లీమీటర్లకు నేను గడ్డం గీసిన నేల అది.
పన్ను దిగంగనే లోపలికెళ్లి పాత ఎరువు వాసన,
ఎవరో పరిచి మర్చిపోయిన మట్టిగొట్టాలు,
తుప్పుపట్టిన ఒక బీడీల డబ్బా.
డ్రైవరు డబ్బా ఊపి చూసిండు. ఖాళీ.

కొత్త గడ్డి లారీల మీద వచ్చింది,
చాపల్లెక్క చుట్టుకొని, చలువ పట్టాలు కప్పుకొని.
సాలమ్మ ఒక పోచ తెంపి, కొరికి, ఉమ్మేసింది:
"ఓరి, ఇది గరికె గదరా!"
ఇరవై ఆరేండ్లు ఆమెకు కూలి ఇచ్చింది గరిక పీకినందుకే.
మోకాళ్లు అరిగింది గరిక మీదనే.
ఇది వేరే గరికమ్మా, దీనికి పేరుంది, నంబరుంది, అన్న.
"నాకూ ఉంది నంబరు, మస్టర్ల" అన్నది,
చాప పరుసుడు మొదలువెట్టింది.

మా నాయన పెంటయ్య ఇక్కడనే సంచులు మోసిండు.
కొట్టేటోని భుజం కదలంగనే
బంతి పడే దిక్కుకు నాయన మెడ ముందే తిరిగేది.
ఒక శ్రావణంల ఒక సాబు బంతి పోయింది.
విలాయతి సరుకు, ఆకుపచ్చ ఇంకు చుక్క గుర్తు.
"నీళ్లల్ల పడ్డది సాబ్, చప్పుడు విన్న."
సాబుకు చప్పుడు వినపడలే.
అందరి ముందట జేబులు తిరగేయించిండు:
అర్ధరూపాయి, సున్నం డబ్బీ,
నా జరానికి తెచ్చిన రెండు గోలీలు.
బంతి లేదు. అయినా ఆర్నెల్లు గేటు బయటనే.
మళ్ల పిలిచినంక
జేబు కుట్టేసిన అంగీతోని వచ్చిండు.
అటెన్క ఎన్ని అంగీలు కొన్నా
ముందు సూదీదారం అడిగేటోడు.

తొమ్మిదో గుంత చెరువును జరపాలన్నరు.
మూడు మోటర్లు, నాలుగు రోజులు.
ఐదోనాడు బురద తేలింది,
బురద నిండ బంతులు, తాబేలు గుడ్లలెక్క.
పదకొండు సంచులైనయ్.
"మీ మెంబర్ల పొగరు తూకమేస్తే ఇంత" అని సారు నవ్విండు.

రాత్రి పంపుహౌజుల తొట్టి నింపి
ఒక్కొక్కటి కడిగిన.
ఎర్ర గీతలు, పొడి అక్షరాలు, ఒకదాని మీద ఓంకారం.
ముప్పై ఏండ్లు దాటినంక ఇంకు ఉంటదా నీళ్లల్ల?
ఉండదు. తెలుసు. కడుగుతనే ఉన్న.
తెల్లారుజామున ఒకటి దొరికింది.
తడిగుంటే చుక్క.
ఆరితే పాచి మరక.
మళ్ల తడిపిన. మళ్ల ఆరబెట్టిన.

కార్తీకంల రిబ్బను కత్తిరించిండ్రు.
కొత్త చెరువు అడుగున నల్ల షీటు,
నీళ్లు ఇంకా ఎవరివీ కానట్టున్నయ్.
తెల్లబూట్ల పెద్దమనిషి మొదటి దెబ్బ కొట్టిండు.
బుడుంగ్.
ఈసారి అందరూ విన్నరు. నవ్విండ్రు, చప్పట్లు కొట్టిండ్రు.
కేడీ పిలగాడు ఇంకో బంతి అందించి
చేతులూపుకుంట ముందుకు నడిచిండు.
వాని జేబు దిక్కు ఎవ్వరూ చూడలే.

నేనే నా జేబు తడుముకున్న.
ఉంది.