వంకర పన్ను

పెరదెనియ దంత వైద్యశాల వెనక
మహావెలి గాలి తడితడిగా దూరే చిన్న గదిలో
పళ్ళు చెక్కడం నా పని.
నిజానికి చెక్కేది మర. నేను కాపలా.

ఆ వారం కొత్త బిళ్ళలొచ్చాయి, అప్పచ్చుల్లా గుండ్రంగా.
రెసిన్‌లో గ్రాఫీన్ కలిపారట.
ఎంత కలిపారంటే,
గుండిగెడు పాయసంలో ఒక్క ఏలకి గింజ.
చెయ్యి జారి ఇంకాస్త పడిందా
పన్ను మబ్బు పట్టిపోతుంది.

కుర్చీలో ఉక్కుబండా.
దవడలు లోపలికి పోయి, ముఖం
గుప్పిట మూసినట్టుంది.
కహటగహ గనిలో ముప్పై ఎనిమిదేళ్ళు.
ఇదివరకే రెండు కట్టుడు సెట్లు విరగ్గొట్టాడు,
ఒకటి పనసగింజ మీద,
ఒకటి కడుగుతుంటే జారి గచ్చు మీద.
ఈసారి విరగనిది కావాలి.

"ఇందులో ఏం వేశావమ్మాయీ?"

పెన్సిల్ ముల్లుని పొర మీద పొర ఒలుచుకుంటూ పో తాతా,
ఇక ఒలవడానికేమీ లేని చోట
మిగిలే ఆఖరి పొర.
తేనెపట్టు గదుల్లా చేతులు పట్టుకున్న అణువులు.
పగులు దారి వెతుక్కుంటూ వస్తుందా,
అడ్డంగా కూర్చుంటాయి.

"పెన్సిల్ ముల్లంటే... మా మినిరనేనా?"

అవునన్నాను.
నవ్వాడు. బోసి నవ్వుకి చప్పుడెక్కువ.
"నలభై ఏళ్ళు పొద్దుగూకులూ ఉమ్మిందే కదే!
మళ్ళీ తెచ్చి నా నోట్లోనే పెడతావా!"

డాక్టర్ ఎలపాత కాగితం చదివి వినిపించింది:
గాజు పళ్ళేల్లో ఈ పొరల అంచులు
పుచ్చు పురుగుల గోడలు కోసిన మాట నిజం.
మనిషి నోట్లో, ఉమ్మిలో, వేడి టీలో
పదేళ్ళు నానితే ఏమవుతుందో
ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు.
ఇష్టమైతేనే సంతకం.

ఆయన కాగితాన్ని చాలాసేపు పట్టుకున్నాడు.
"గని దిగేటప్పుడు
ఇలాంటిది ఒక్కటీ ఇవ్వలేదు మాకు" అన్నాడు.
పెట్టాడు.

కొలతలు తీస్తుంటే చెప్పుకొచ్చాడు.
దిగేటప్పుడు పేర్లుండేవట,
ఎక్కేటప్పుడు అందరిదీ ఒకటే నలుపు.
నూనె పూసినట్టు మెరిసే నలుపు.
సాయంత్రం గని నోరు ఒక్కొక్కరినీ బయటికి ఉమ్మితే
గేటు దగ్గర ఆడవాళ్ళు తమ మనిషెవరో తేల్చుకోలేక
"నవ్వండి, నవ్వండి" అని కేకలేసేవారట.

మొదటిసారి పెట్టి చూసిన రోజు
వరండాలోంచి హీన్‌మెణికెని పిలిచాను.
అద్దాలు తుడుచుకుని, దగ్గరికొచ్చి చూసింది.
తెల్లటి వరస, గీత గీసినట్టు.
"బాగున్నాయి" అంది.
"ఎవరివి?"

తర్వాత చెప్పింది, మాకు కాదు, గోడకి చెప్పినట్టు.
పైవరసలో ఎడమ పన్ను
పక్కదాని భుజం మీద చెయ్యేసి నిలబడేదట.
ఆ ఒక్కదాన్ని చూసే
గేటు దగ్గర టీ సీసా అందించేదాన్నని.

ఆ రాత్రి తెర మీద ఆ పన్నుని పట్టుకుని తిప్పాను.
కంప్యూటరు ఒప్పుకోలేదు.
ఎడమకీ కుడికీ తేడా ఉంది, సరిచెయ్యమంటావా, అని అడిగింది.
వద్దన్నాను.
మళ్ళీ అడిగింది.
మా దగ్గర పళ్ళు వంకరగా వస్తాయని పేరొస్తుంది,
అంది ఎలపాత, అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.
బిళ్ళల్లో కాస్త మబ్బుగా ఉందని
పక్కన పడేసినదాన్ని ఏరి మరకెక్కించాను.

తెల్లవారే వరకూ సన్నగా రంపం పాట.
పొడి తుడిస్తే వేలికి అంటింది, బూడిద రంగులో.
కడుక్కోబోయి
కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.
మా నాన్నది టీ తోట. గని ఎరగను నేను.

పెట్టుకుని ఆయన ఏమీ అనలేదు.
నాలుకతో ఎడమవైపు తడుముకున్నాడు,
చీకట్లో నిచ్చెన మెట్టు వెతికినట్టు.
వరండాలోకి నడిచాడు. వెనకే నేను.
హీన్‌మెణికె తలెత్తింది.
బెంచీ మీద సగం జరిగి చోటిచ్చింది.
సంచీలోంచి సీసా తీసి, మూత విప్పి
టీ అందించింది.

"తొందరగా తాగు,
కురుణేగల బస్సు వెళ్ళిపోతుంది."