చప్పుడు చేయనిది

పద్దెనిమిది వాయిదాల మీద
ఇంటికొచ్చింది.
కుటాయిసీ బజారు నుంచి మినీబస్సులో
ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.
పక్కసీటు ఆవిడ ఒళ్ళో బతికున్న కోడి.
దారంతా రెండూ కిమ్మనలేదు.

మొదటి రాత్రి మూత తెరిచి
ఎవరు ముందు మాట్లాడాలో తెలియని
పెళ్ళిచూపుల్లా కూర్చున్నాం.

నలభై ఒక్క ఏళ్ళు పియానోలు శ్రుతి చేసిన వేళ్ళివి.
ప్రతి మీట వెనకా ఒక సుత్తి,
సుత్తి వెనక కొంత బరువు
ఉండి తీరుతుందని నమ్మినవి.
ఇక్కడ ఆనించానో లేదో అడుగు తగిలిపోతోంది,
ఇంకో మెట్టుందనుకుని
చీకట్లో కాలు వేసినట్టు.
ఒక్క "మ" నొక్కితే ఏడు పడ్డాయి.
కరెంటు ఆఫీసుకి రాసిన మొదటి ఉత్తరం
పాలకి అరిచే దూడలా ఉంది.

మీటల మీద మా అక్షరాలు లేవు.
ముప్పైమూడూ అంటింపు బిళ్ళలుగా కొని
సూదిమొనతో అతికించాను, కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టి.
"ఘానీ" కొంచెం వంకరగా పడింది.
అప్పట్నుంచీ అది తల వాల్చి
ఏదో వింటున్నట్టే ఉంటుంది.

గురువారం కరెంటు పోయింది.
ఫ్రిజ్ ఆగింది, మెట్ల దీపం ఆగింది,
ఎదురింటి టీవీలో ఎవరిదో ఏడుపు సగంలో ఆగింది.
ఇదొక్కటే ఏమీ జరగనట్టు
వెలుగుతూ కూర్చుంది.
కొంచెం కోపమొచ్చింది,
చావింట్లో నవ్విన చుట్టం మీద వచ్చేలాంటిది.

పోతీ నుంచి తమ్ముడు ఓటియా అడిగాడు, ఎలా ఉందని.
"మర్యాదస్తురాలు. చప్పుడే చేయదు" అన్నాను.
చెవి ఆనించి మరీ చూశాను.
లోపల ఫ్యానుందట, అదీ వినపడలేదు.
"ఎవరు చేశారో గానీ
నిశ్శబ్దాన్ని శ్రుతి చేయడం తెలిసినవాళ్ళు."

ఎందుకు కొన్నానో వాడికి చెప్పలేదు.
సంగీత పాఠశాలలో మెడీకో గారు
కాఫీ పోస్తూ, నా వైపు చూడకుండా,
"ఈ మధ్య పై స్వరాలు కొంచెం..." అని
కప్పు నిండకముందే ఆపేసింది.
ఏడాదిగా ఆ చివరి పది తీగలూ
నాకు చెక్కచప్పుడే.
టక్. టక్.
తలుపవతల ఎవరో ఉండి
పేరు చెప్పనట్టు.
ఇందులో తీగ పలికితే గీత లేస్తుందట.
చెవి చేసే పని ఇక కన్ను చేస్తుందట.
కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గానీ
నా పాత చెవుల మీద
నాకింకా రోత పుట్టలేదు.

నిన్న పై అంతస్తు నుంచి మాక్వాలా దిగింది,
తొమ్మిదేళ్ళ పిల్ల, మోకాలికి ఎప్పుడూ ఏదో ఒక కట్టు.
గుమ్మంలోనే చెవులు మూసుకుంది.
"తాతా, ఇది ఈల వేస్తోంది."
"ఏది?"
"ఇదే! నీకు వినపళ్ళేదా?"
ఛార్జరు పీకింది. "ఇప్పుడు లేదు."
గుచ్చింది. "ఇప్పుడుంది."
లేదు. ఉంది. లేదు. ఉంది.
నాకు మాత్రం
ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకటే గది.

అంటే వారం రోజులుగా
నా వంటబల్ల మీద ఒక స్వరం
ఊపిరి తీసుకోకుండా పలుకుతూనే ఉంది.
నేనేమో దాని మౌనాన్ని
ఊరూరా మెచ్చుకుంటున్నాను.

ద్రాక్షపాకం పట్టిన అక్రోటు దండలోంచి
నాలుగు ముక్కలు కోసి పిల్లకిచ్చాను.
"ఆ ఈల పాడి చూపించు."
"అంత పైకి నా గొంతు వెళ్ళదు తాతా."
"కిందికి దించు. అదే స్వరం,
నేనుండే అంతస్తులో."
బుగ్గలో అక్రోటు అలాగే ఉంచుకుని
కళ్ళు మూసుకుని, ముక్కుతో పాడింది.
డ్రాయరు లాగి శ్రుతిదండం మోకాలికి కొట్టి చూశాను.
పిల్ల తప్పు పాడలేదు.

కొత్త యంత్రంలో తప్పుల్లేకుండా
నేను కొట్టిన మొదటి వాక్యం ఇది:
ఫా. జుట్టువాసి తక్కువ.
మాక్వాలా విన్నది.

రాత్రి ఛార్జరు పీకి పడుకున్నాను.
పైన పిల్ల నిద్రపోవాలి.