నురగను పారబోసే షిఫ్టు

మొదలు ఒక్క మాట యాద్పెట్టుకో దుబ్బరాజం,
ఈడ తేలేది తుక్కు.
మునిగేదే సరుకు.

రాగి గనిల పనిజేసొచ్చిన రోమెల్
వారం దినాలు ఒప్పుకోలే.
వాళ్ల దేశంల నురగంటే సొమ్ము,
తెడ్డుతోని గీకి దాచుకుంటరట.
రాస్ అల్ ఖైర్‌ల నురగ అంచు దాటి కాల్వల వడి
తెల్లగ పోతది, ఎవ్వడూ ఎనుకకు జూడడు.

రాయి ఉత్తరపు ఎడారి నుంచి రైలెక్కి వస్తది.
పిండి చేసినంక ఏళ్ల నడుమ రుద్ది జూడు:
కొంత ఎముక, కొంత గవ్వ.
ఎప్పటిదో ఒక సముద్రంల చచ్చిన చేపలు, నత్తలు
పక్కపక్కన పండి గడ్డకట్టినయి.
రెండింటి మొకానా అదే కాల్షియం.
మనం పోసే సబ్బునూనె మందుకు
కవల పిల్లలను జూసిన కొత్త పంతులు లెక్క
ఎవరు ఎవరో తెల్వదు.

అందుకే యాసిడ్. సుక్క సుక్క.
పీహెచ్ అయిదు. అయిదున్నర దాటనియ్యకు.
అప్పుడు ఎముకకు మందు గిట్టదు,
గమ్మున అడుగున కూసుంటది.
సున్నం మాత్రం బుడగను వట్టుకొని
బరాత్ ముంగట ఎగిరేటోని లెక్క
పైకి, ఇంకా పైకి.

మెగ్నీషియం ఎంత మిగిలిందని
మిషారీ సాబ్ ల్యాబ్ కాయితం అడుగుతడు.
కాయితం కన్న ముందు నురగే చెప్తది.
బుడగ గోలికాయంతుంటే మంచిదే,
జిగటగ బిగుసుకుంటే మందెక్కువైంది,
గోధుమరంగు తిరిగిందా,
సరుకు తేలినట్టు, మనం మునిగినట్టు.

పోయినేడు రంజాన్‌ల ఒక తెల్లారుజాము
యాసిడ్ పంపు ఆగింది. నాకు కునుకు.
ఇరవై నిమిషాలు.
ఎముకా గవ్వా కలిసే కాల్వ దిగినయి,
నలభై టన్నులు.
ఎవ్వరూ తిట్టలే.
మూడు దినాల జీతం కాయితం మీద తేలలే, అంతే.

ఆ వారమే అక్క ఫోన్ జేసింది
మెట్‌పల్లి సొసైటీ ముంగట నుంచి.
డీఏపీ బస్తాకు లైన్ల చెప్పులు వెట్టి
షట్టర్ నీడకు కూసున్నదట.
నలభై టన్నులంటే ఎన్ని జతల చెప్పులో
లెక్క గట్టవోయి ఆపిన.

అగో, మూడో సెల్లు జూడు, బుడగ సన్నమైతంది.
వాల్వు పావు తిప్పు. సాలు.

గోడకవతల ఆ సప్పుడా? సముద్రం.
అదీ రాత్రంత నురగను ఒడ్డుకు పారబోస్తది.
అడుగున ఏం దాస్తందో
కోట్ల ఏండ్లకు ఎవని షిఫ్టుల బయటవడ్తదో.

పో, చాయ్ తాగి రా.
నీ ఫ్లాస్క్ ఖాళీగుంటే నా దాంట్ల ఉన్నది.