మైళ్ల పుస్తకం

మొదటి ఏడు ఒడీల్ సీర్
బూట్ల డబ్బా నిండా రసీదులు తెచ్చి
నా బల్ల మీద బోర్లించింది.
పెట్రోలు, చేతి తొడుగులు, ఫ్లోరైడ్ పూత,
వాటి మధ్య దూదిలో చుట్టిన
ఎవరి పిల్లాడిదో ఒక పాలపన్ను.
"ఇదేంటి?"
"పొరపాటున వచ్చింది. లెక్కలోది కాదు."

మెయిన్ రాష్ట్రం కొస ఇది. నది అవతల కెనడా.
ఇనప సామాన్ల కొట్టు వెనక గది నా ఆఫీసు.
ఆమెదో పాత వ్యాను,
అందులో మడత కుర్చీ, తలకు కట్టుకునే దీపం.
డెంటిస్టు లేని ఊళ్లలో
బడులకీ వృద్ధాశ్రమాలకీ తిరిగి పళ్లు శుభ్రం చేస్తుంది.
ఎవరి కిందా కొలువు లేదు.
తనకు తనే దొర, తనకు తనే కూలి.

అందుకే, అన్నాను,
దొర కట్టే సగమూ కూలి కట్టే సగమూ
రెండూ నీ సంచిలోంచే పోతాయి.
ఆదాయపు పన్ను ఆపైన వేరే.
జీతగాళ్లకి ముందే కోసి మిగిలింది ఇస్తారు.
నీకు మొత్తం ఇస్తారు, అక్కడే ఉంది ఉచ్చు.
ఎవరెంత ఇచ్చారో జనవరిలో కాగితం వస్తుంది,
దాని నకలు ప్రభుత్వానికీ వెళ్తుంది.
కాగితం రాని డబ్బు కూడా డబ్బే ఒడీల్,
ఆ నర్సరీ బడి చేతిలో పెట్టిన నూట ఇరవైతో సహా.

ఆ ఏడు తన చిన్న పడవ అమ్మి కట్టింది.

తర్వాత నేర్చుకుంది.
వచ్చిన ప్రతి చెక్కులో నూటికి ముప్పై
"ముట్టుకోకు" అని పేరు పెట్టిన ఖాతాలోకి.
ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, మళ్లీ జనవరి.
మధ్యలో నెలలు సమానంగా లేవేంటని అడిగింది.
నాకూ తెలియదన్నాను.
పన్ను పుచ్చేదాకా ఆగితే ఇక పీకడమేనని
రోజూ ఊరందరికీ చెప్పే మాట
ఈసారి తనకే చెప్పుకుంది.

వంటింటి పక్క గదిలోంచి కుట్టు మిషను తీయించాను.
మిషను ఉన్నంతసేపూ అది ఇల్లు.
బల్లా ఫైళ్లూ తప్ప ఏమీ లేకపోతే ఆఫీసు.
గది ఆఫీసైతేనే
గడప దాటిన మొదటి మైలు నుంచీ లెక్క.
మిషను ఇప్పుడు ఆమె మంచం కాళ్ల దగ్గర ఉందట.
రాత్రి లేస్తే మోకాలికి తగులుతోందట.

ఈ ఫిబ్రవరిలో మైళ్ల పుస్తకం తెరిచాను.
తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎంత దూరం.
"ఎందుకు" గడిలో రెండు మాటలు చాలు ప్రభుత్వానికి.
ఒడీల్ గడి దాటి రాస్తుంది.

"సెప్టెంబర్ 9. ఆల్ఫే వెలెట్. ఎనభై రెండు మైళ్లు.
పైన కట్టుడు పళ్లు, కింద సొంతవి ఆరు.
ఆరూ గట్టిగానే ఉన్నాయి. యాపిల్ కొరికి చూపించాడు."

"అక్టోబర్ 14. ఆల్ఫే. ఎనభై రెండు.
చిగుళ్లు మేలు. బంగాళాదుంపలు తవ్వేశారట,
కిటికీలోంచి లారీలు లెక్కపెట్టాడు."

"నవంబర్ 20. ఆల్ఫే. ఎనభై రెండు.
వెళ్లేసరికి లేడు. దుప్పట్లు మడుస్తున్నారు.
పైపళ్లు గ్లాసులో ఉన్నాయి.
కడిగి వాళ్లమ్మాయి చేతికిచ్చాను."

పక్కన పెన్సిల్‌తో: ఇది లెక్కలోకి వస్తుందా?

పని కోసం బయల్దేరింది.
అక్కడ పని మిగిలిందా లేదా అన్నది
చట్టానికి పట్టదు.
వస్తుంది, అని రాశాను.

దాని కింద ఇంకో పద్దు:
"నవంబర్ 24. కొండ మీది చర్చి. డెబ్భై ఆరు."
ఎందుకు గడి ఖాళీ.
నన్ను అడగకుండానే
స్కేలు పెట్టి తనే కొట్టేసింది.

ఏడాది మైళ్లన్నీ కూడాను.
డెబ్భై ఆరు ఎక్కువ వచ్చింది.
కాఫీ తాగి, కళ్లజోడు తుడుచుకుని
మళ్లీ మొదటి నుంచి కూడాను.
మళ్లీ డెబ్భై ఆరు.